కాగితపు మనిషి

ఫుట్‌బాల్ ఆటలో గోలు చేయువాడనగానే మన మనస్సునకు ఎట్టి రూపము తోచును? విశాలమైన వక్షము, దృఢమైన తొడలు, ఎదురువచ్చినవారిని ప్రక్కకు నెట్టివేయగల భుజబలము గలవాడే తోచును. కాని సుమారు తొంబది సంవత్సరముల క్రిందట ఐరోపాఖండమున మేటియని పేరొందిన ఆటగాడొకడు అట్టివాడు కాడు. అతడు మిక్కిలి బక్కపలుచనివాడు. అతని కుడిమోకాలికి ఎల్లప్పుడును ఒక కట్టు ఉండెడిది. బలమైన రక్షకుడు భుజముతో ఒక్కమారు తాకినచో నేలకూలునేమో అన్నట్లు కనబడెడివాడు. ఐనను వానిని తాకుటయే దుర్లభముగా నుండెను. గాలిలో తేలు కాగితమును పట్టుకొనబోయిన అది వ్రేళ్లకు అందక జారిపోవును గదా! ఇద్దరు ముగ్గురు రక్షకుల నడుమనుండి అతడు అట్లే జారిపోయెడివాడు. అందుచే ప్రజలు అతనికి ‘కాగితపు మనిషి’ అని ముద్దుపేరు పెట్టిరి. అతని అసలు పేరు మాతియాస్ సిండెలార్. ఆస్ట్రియా దేశమునకు అతడు పేరు తెచ్చెను. ముప్పదియారవ ఏడు నిండకమునుపే మరణించెను.

సిండెలార్ 1903వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన మొరావియా ప్రాంతమునందలి కోజ్లోవ్ అను పల్లెలో జన్మించెను. ఆ కాలమున ఆ ప్రాంతము ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములో చేరియుండెను. నేడది చెక్ దేశములో ఉన్నది. తండ్రి తాపీపనివాడు. పల్లెలో పని చాలక, బాలునకు రెండేండ్ల వయస్సున ఆ కుటుంబము రాజధానియైన వియన్నాకు వలసపోయి, ఫావోరిటెన్ అను పేటలో కాపురముండెను. అది కూలిజనుల పేట. నగరమునందలి మేడలకు కావలసిన ఇటుకలు ఆ చుట్టుపట్ల బట్టీలలోనే కాలుచుండెను. చెక్ భాష మాటలాడు పేదకుటుంబములు వేలకొలదిగా అచట నివసించుచుండెను.

ఆ పేటలో పిల్లలకు ఆటస్థలములు లేవు. వీధులును, పాడునేలలును వారి ఆటస్థలములు. తోలుబంతి కొనుటకు డబ్బు లేదు. మన పల్లెలలో పిల్లలు పాతగుడ్డలు చుట్టి, దారముతో బిగించి, బంతి చేసికొనుటను మీరు చూచియుందురు. ఫావోరిటెన్ బాలురును అదే చేసిరి. గుడ్డబంతి నేలను తాకి ఎగురదు. ఎటుపోవునో నిశ్చయము లేదు. దానిని పాదముతో లోబరచుకొనుటకు బలము పనికిరాదు. ఓర్పును, నేర్పును కావలెను. ఇరుకువీధిలో పదిమంది కాళ్లనడుమ ఆడువాడు తప్పించుకొనుట నేర్చును. సిండెలార్ నేర్పునకు ఆ వీధియే తొలి పాఠశాల.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. తండ్రి సైన్యమునకు పోయి, 1917వ సంవత్సరమున ఇటలీ సరిహద్దునందలి ఇసోంజో నది యుద్ధరంగమున హతుడయ్యెను. అప్పటికి సిండెలార్ వయస్సు పదునాలుగేండ్లు. అతనికి ముగ్గురు తోబుట్టువులు, ముగ్గురును ఆడపిల్లలే. తల్లి ఇతరుల బట్టలుతికి సంసారము నడపెను. బాలుడు ఇనుపపని నేర్చుకొనుటకు ఒక కార్ఖానాలో చేరెను. పగలు సుత్తియు ఆకురాయియు, సాయంకాలము బంతి. ఇదియే అతని దినచర్య. 1918వ సంవత్సరమున ఆ పేటలోని హెర్తా అను ఫుట్‌బాల్ సంఘమువారు అతనిని తమ బాలుర జట్టులో చేర్చుకొనిరి.

ఇరువది యేండ్ల వయస్సున అతనికి పెద్ద ఆపద కలిగెను. 1923వ సంవత్సరమున అతని మోకాలికి గాయమయ్యెను. మోకాలిలో రెండెముకల నడుమ మెత్తవలె ఉండు మృదులాస్థి చెడెను. ఆ కాలమున అట్టి గాయము తగిలిన ఆటగాడు మరల రంగమున దిగుట అరుదు. హాన్స్ స్పిట్జీ అను వైద్యుడు శస్త్రచికిత్స చేసి అతనిని కాపాడెను. కాని మోకాలిపై భయము మాత్రము పోలేదు. కట్టు లేనిదే అతడు ఎన్నడును ఆడలేదు. అంతేకాదు, అతని ఆటతీరే మారెను. ఎదుటివానితో ఢీకొనుట ఇక తగదని అతడు గ్రహించెను. ఎదుటివాడు తనయొద్దకు రాకమునుపే బంతిని పంపివేయవలెను. లేదా వానిని ఒకవైపు నమ్మించి మరొకవైపునకు పోవలెను. అట్లు అతడు తన లోపమునే తన విద్యకు పునాదిగా చేసికొనెను.

1924వ సంవత్సరమున హెర్తా సంఘమునకు ధనము చాలక తన ఆటగాండ్లను విడువవలసివచ్చెను. సిండెలార్ ‘అమెచ్యూర్స్’ అను సంఘమున చేరెను. ఆ సంఘమే రెండేండ్ల పిమ్మట ‘ఆస్ట్రియా వియన్నా’ అని పేరు మార్చుకొనెను. సరిగా ఆ 1924వ సంవత్సరముననే ఆస్ట్రియాలో ఫుట్‌బాల్ వృత్తిగా మారెను. జీతము తీసికొని ఆడు ఆటగాండ్ల పోటీలు ప్రారంభమయ్యెను. ఐరోపా ప్రధానభూభాగమున ఇట్టి ఏర్పాటు చేసిన మొదటి దేశము ఆస్ట్రియాయే. చాకలిపని చేసి బ్రదుకు తల్లికి కుమారుని ఆట అన్నము పెట్టసాగెను. అప్పటినుండి మరణించువరకు అతడు ఆ సంఘమును విడువలేదు. అతడున్న కాలమున ఆ జట్టు 1926లో దేశ విజేతగా నిలిచెను. ఆస్ట్రియా కప్పును ఐదుమారులు గెలిచెను.

ఇచ్చట ఆనాటి ఆటతీరును గూర్చి కొంత తెలిసికొనవలెను. అప్పుడు ప్రతి జట్టునందును గోలుకీపరుగాక ఇద్దరు వెనుకటి రక్షకులు, ముగ్గురు మధ్య ఆటగాండ్రు, ఐదుగురు ముందు ఆటగాండ్రు ఉండెడివారు. ఆ ఐదుగురిలో నడుమ నిలుచువాడు సెంటర్ ఫార్వర్డు. వాని పని గోలు చేయుట. ఇంగ్లండు దేశమున సెంటర్ ఫార్వర్డు సాధారణముగా బలశాలి. ప్రక్కలనుండి ఎత్తుగా వచ్చిన బంతిని తలతో కొట్టి, రక్షకులను త్రోసికొనిపోయి గోలు చేయుట వాని పద్ధతి. సిండెలార్ అట్లు చేయలేడు, చేయగోరనులేదు. అతడు గోలు ముందు కాచుకొనియుండక, వెనుకకు వచ్చి మధ్య ఆటగాండ్రవద్ద బంతిని అందుకొనెడివాడు. అతనిని కాయవలసిన రక్షకునకు చిక్కు వచ్చెడిది. అతని వెంట ముందునకు వచ్చినచో వెనుక ఖాళీ ఏర్పడును. రాకున్నచో సిండెలార్ నిరాటంకముగా బంతితో ఆడును. ఆ ఖాళీలోనికి తన తోడివారిని పంపి, వారి కాళ్లముందునకు బంతిని పంపుటలో అతడు సిద్ధహస్తుడు. తాను గోలు చేయుటకంటె ఇతరులచేత గోలు చేయించుటయందు అతనికి తక్కువ ఆనందము లేదు.

ఆస్ట్రియా దేశపు జట్టును ఎన్నుకొని నడిపినవాడు హ్యూగో మైస్ల్. అతడు యూదు కుటుంబమున పుట్టినవాడు. అనేక భాషలు తెలిసినవాడు. బంతిని ఎత్తునకు తన్నక, నేలమీదనే ఒకరినుండి మరొకరికి అందించుచు ముందునకు సాగు పద్ధతి అతనికి ప్రియము. జిమ్మీ హోగన్ అను ఇంగ్లీషు శిక్షకుడు వియన్నాలో ఈ పద్ధతినే నేర్పియుండెను. 1926వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ప్రాగ్ నగరమున చెకోస్లోవాకియాతో జరిగిన ఆటలో సిండెలార్ మొట్టమొదట దేశము తరపున ఆడెను. ఆస్ట్రియా 2–1 గోల్సతో గెలిచెను. అందొకటి అతడు చేసినదే.

కాని మైస్ల్‌కు అతనిపై పూర్తి నమ్మకము కుదరలేదు. 1929వ సంవత్సరము ఆరంభమున న్యూరెంబర్గు నగరమున మంచుతో నిండిన నేలపై దక్షిణ జర్మనీ జట్టుతో ఆడి ఆస్ట్రియావారు ఐదు గోల్స తేడాతో ఓడిరి. నేల అట్లున్నను సిండెలార్ చిన్నచిన్న పాసుల ఆటనే పట్టుకొని వ్రేలాడెనని మైస్ల్ కోపించి, చాలకాలము అతనిని జట్టునుండి తొలగించెను. వియన్నాలో కాఫీహోటళ్లు కేవలము కాఫీ త్రాగు స్థలములు కావు. రచయితలు, పత్రికలవారు, ఆటల అభిమానులు అచ్చట కూడి గంటలకొలది వాదోపవాదములు చేసెడివారు. వారందరును సిండెలార్‌ను తీసికొనవలసినదని మైస్ల్‌ను నిలదీసిరట. విసిగిన మైస్ల్ వారు కోరిన పేర్లే ఒక కాగితముమీద వ్రాసి, ‘ఇదిగో మీ జట్టు’ అని వారిముందు పడవేసెనని ఒక కథ కలదు. కథ ఎట్లున్నను జరిగినది మాత్రము ఇది: 1931వ సంవత్సరము మే 16వ తేదీన వియన్నాలో స్కాట్లండుతో ఆడిన జట్టులో సిండెలార్ ఉండెను. ఆస్ట్రియా 5–0 గోల్సతో గెలిచెను. బ్రిటిష్ దీవులకు వెలుపలి జట్టుచేతిలో స్కాట్లండు ఓడుట అదే ప్రథమము.

నాటినుండి విజయపరంపర సాగెను. ఎనిమిది దినములకే బెర్లిను నగరమున జర్మనీని 6–0 గోల్సతో ఓడించిరి. సెప్టెంబరులో వియన్నాలో జర్మనీని మరల 5–0 గోల్సతో ఓడించిరి. స్విట్జర్లండుపై వారు చేసిన గోల్స ఎనిమిది. 1932 ఏప్రిలు 24వ తేదీన హంగరీని 8–2 గోల్సతో గెలిచిన దినమున సిండెలార్ తాను మూడు గోల్స చేసి, తక్కిన ఐదింటికిని తానే దారి చూపెను. 1931 ఏప్రిలు మొదలు 1932 డిసెంబరు వరకు పదునాలుగు ఆటలలో ఆ జట్టునకు ఓటమి లేదు. ‘అద్భుతదళము’ అను అర్థము వచ్చు పేరుతో ప్రజలు దానిని పిలువసాగిరి.

ఆ దినములలో ఆస్ట్రియా ప్రజలు సుఖముగా లేరు. యుద్ధములో ఓడి పెద్ద సామ్రాజ్యము చిన్న దేశమైపోయెను. బ్యాంకులు కూలెను. కార్ఖానాలు మూతపడి లక్షలమంది పనిలేక తిరుగుచుండిరి. అట్టివారికి ఆదివారమునాటి ఆటయే ఊరటగా ఉండెను. 1932 డిసెంబరు 7వ తేదీన లండను నగరమున ఇంగ్లండుతో జరిగిన ఆటను వినుటకు వియన్నాలో ప్రజలు రేడియోలవద్ద మూగిరి. ఇంగ్లండు స్వదేశమున ఐరోపా ప్రధానభూభాగపు జట్టు దేనిచేతను ఓడని కాలమది. సగము ఆట ముగియుసరికి ఇంగ్లండు రెండు గోల్స ముందుండెను. పిమ్మట ఆస్ట్రియావారు పుంజుకొనిరి. సిండెలార్ ఒక గోలు చేసెను. తుదకు 4–3 గోల్సతో ఇంగ్లండే గెలిచెను గాని, ఓడినవారి ఆటను గెలిచినవారి పత్రికలే మెచ్చుకొనెను.

మరుసటి సంవత్సరము సిండెలార్ తన సంఘమునకు గొప్ప విజయము తెచ్చెను. మధ్య ఐరోపా దేశముల సంఘములకు ‘మిట్రోపా కప్పు’ అను పోటీ జరుగుచుండెను. 1933వ సంవత్సరమున తుదిపోటీకి ఇటలీనుండి ఆంబ్రోసియానా జట్టు వచ్చెను. నేడు ఇంటర్ మిలాన్ అని పిలువబడుచున్న సంఘమే అది. మిలాను నగరమున జరిగిన మొదటి ఆటలో ఆస్ట్రియా వియన్నా 2–1తో ఓడెను. వియన్నాలో జరిగిన రెండవ ఆటలో 3–1తో గెలిచి కప్పును చేజిక్కించుకొనెను. ఆ మూడు గోల్సను సిండెలార్ ఒక్కడే చేసెను.

విజయములతోపాటు పరాజయమును చెప్పవలెను. 1934వ సంవత్సరమున ప్రపంచకప్పు పోటీలు ఇటలీలో జరిగెను. ఆస్ట్రియా ఫ్రాన్సును, హంగరీని గెలిచి, ఉపాంత్యమున ఇటలీని ఎదుర్కొనెను. జూన్ 3వ తేదీన మిలానులో వాన కురిసి నేల బురదయయ్యెను. నేలమీద బంతినందించుకొను ఆటకు బురదకంటె శత్రువు వేరొకటి లేదు. అదిగాక ఇటలీ పక్షమున లూయిస్ మోంటి అను బలిష్ఠుడైన ఆటగాడు సిండెలార్‌ను నీడవలె వెన్నంటి, మొరటుగా అడ్డగించుచుండెను. ఇటలీ ఒక్క గోలు చేసి గెలిచెను. అద్భుతదళపు గొప్ప కాలము అంతటితో ముగిసెనని చెప్పవచ్చును. ఐనను 1936లో వియన్నాకు వచ్చిన ఇంగ్లండును ఆ దేశమువారు 2–1 గోల్సతో ఓడించిరి. అదే సంవత్సరము సిండెలార్ సంఘము మిట్రోపా కప్పును రెండవమారు గెలిచెను. 1937 ఫిబ్రవరిలో మైస్ల్ మరణించెను.

1938 మార్చి 12వ తేదీన హిట్లరు సైన్యములు ఆస్ట్రియాలో ప్రవేశించెను. దేశము జర్మనీలో కలిపివేయబడెను. ఆస్ట్రియా అను పేరే భూపటమునుండి తుడిచివేయబడెను. ప్రపంచకప్పునకు అర్హత సంపాదించియున్న ఆస్ట్రియా జట్టు రద్దయ్యెను. ఈ కలయికను పండుగగా చూపుటకై ఏప్రిలు 3వ తేదీన వియన్నాలోని ప్రాటర్ స్టేడియమున జర్మనీ జట్టునకును, మాజీ ఆస్ట్రియా ఆటగాండ్రకును ఒక ఆట ఏర్పరచిరి. ఆస్ట్రియావారికి అదియే కడపటి ఆట. సుమారు అరువదివేలమంది చూడవచ్చిరి.

ఆ దినమున సిండెలార్ ముప్పదియైదేండ్లవాడు. మొదటి సగములో అతనికి గోలు చేయు అవకాశములు వచ్చెను గాని బంతి గోలులోనికి పోలేదు. కావలెననియే అతడు ప్రక్కకు తన్నెననియు, గోల్స చేయరాదని పైవారి ఆజ్ఞ ఉండెననియు, అతడు ఆ ఆజ్ఞను పరిహసించెననియు పలువురు చెప్పిరి. అది నిజమని నిరూపించు ఆధారము లేదు. రెండవ సగములో అతడు గోలు చేసెను. పిమ్మట అతని మిత్రుడు కార్ల్ సెస్టా చాల దూరమునుండి తన్ని రెండవ గోలు చేసెను. గోలు పిదప సిండెలార్ నాజీ అధికారులు కూర్చున్న స్థలము ఎదుట నృత్యము చేసెనను కథయు కలదు. దానిని నమ్మినను నమ్మకున్నను ఫలితము మాత్రము చరిత్రలో నిలిచియున్నది: జర్మనీ 0, రద్దయిన దేశము 2.

ఆ పిమ్మట జర్మనీ జట్టు శిక్షకుడైన సెప్ హెర్‌బెర్గర్ ప్రపంచకప్పు పోటీలో ఆడుమని సిండెలార్‌ను పలుమారులు కోరెను. అతడు ఒప్పుకొనలేదు. వయస్సు మీరినదనియు, మోకాలు బాగులేదనియు సాకు చెప్పెను. ఆ సాకు వెనుక వేరు కారణము ఉన్నదని తనకు తోచినట్లు హెర్‌బెర్గరే తరువాత తెలిపెను. కొందరు ఆస్ట్రియా ఆటగాండ్రను కలుపుకొని పోయిన జర్మనీ జట్టు ఆ పోటీలో మొదటి మెట్టుననే స్విట్జర్లండుచేత ఓడి ఇల్లు చేరెను.

నాజీల యేలుబడిలో యూదులకు పదవులు లేవు, గౌరవము లేదు, తుదకు ప్రాణరక్షణయు లేదు. ఆస్ట్రియా వియన్నా సంఘమున యూదులు అనేకులుండిరి. అధ్యక్షుడైన మిఖేల్ ష్వార్జ్ అను వైద్యుడును యూదుడే. అతనిని పదవినుండి తొలగించిరి. అతనితో మాటలాడరాదని ఆటగాండ్రను ఆదేశించిరి. తాను మాత్రము ఎప్పుడు కనబడినను ఆయనకు నమస్కరించుట మాననని సిండెలార్ ఆ వైద్యునితో చెప్పెనని అంటారు. ఆ దినములలో ఒక నమస్కారమునకును ధైర్యము కావలసియుండెను.

ఐతే అతని జీవితమున ఒక మచ్చయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నాజీలు ఆస్ట్రియాలో వృత్తిక్రీడను రద్దుచేసిరి; ఆటవలన వచ్చు జీతము పోయెను. 1938వ సంవత్సరమున సిండెలార్ తాను పెరిగిన ఫావోరిటెన్‌లోనే ఒక కాఫీహోటలు కొనెను. దాని యజమాని ఒక యూదుడు. యూదుల ఆస్తులను బలవంతముగా ఇతరులకు అమ్మించుచున్న కాలమది. సిండెలార్ ఆ యజమానికి పరిచితుడనియు, తగిన ధర ఇచ్చెననియు చిరకాలము చెప్పుకొనిరి. తరువాత పరిశోధకులు పత్రములు చూచి, ఆ ధర న్యాయమైనది కాదని వాదించిరి. ఆ యజమాని పిమ్మట నాజీల నిర్బంధశిబిరమున మరణించెను. జర్మనీకి ఆడననిన మనుష్యుడే, ఆ ప్రభుత్వము చేసిన అన్యాయమువలన లాభము పొందెను. ఈ రెండును ఒక్కని జీవితముననే ఉన్నవి. వీరుని గూర్చి చదువునపుడు రెండింటిని చూడగలుగుటయే చరిత్రపాఠము.

1938 డిసెంబరు 26వ తేదీన బెర్లిను నగరమున హెర్తా జట్టుతో అతడు కడపటి ఆట ఆడి గోలు చేసెను. తరువాత నెల తిరుగకమునుపే, 1939 జనవరి 23వ తేదీన, వియన్నాలో ఒక ఇంటి తలుపు పగులగొట్టి చూచిన మిత్రునకు సిండెలార్ మంచముపై మరణించి కనబడెను. అతనితోడ ఉన్న కామిల్లా కాస్టన్యోలా స్పృహతప్పి యుండెను. ఆమెయు పిమ్మట మరణించెను. గదిని వెచ్చజేయు పొయ్యినుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువే వారి మరణమునకు కారణమని తేలెను.

ఈ వాయువును గూర్చి మీరు తెలిసికొనుట మేలు. బొగ్గుగాని కట్టెగాని చాలినంత గాలి లేక మండినపుడు ఇది పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో లోనికి పోయి, నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని హరించును. నిద్రించువాడు మేల్కొనకయే మరణించును. పొగగొట్టము పూడియున్న ఇంటిలోను, చలికాలమున తలుపులు మూసి కుంపటి పెట్టుకొన్న గదిలోను ఈ ప్రమాదము నేటికిని కలదు. సిండెలార్ మరణించిన ఇంటిలో పొగగొట్టము చెడియున్నదని ఇరుగుపొరుగువారు చెప్పియుండిరి.

ఐనను ప్రజలు దానిని కేవలము ప్రమాదమని నమ్మలేకపోయిరి. నాజీలే చంపిరని కొందరు, దేశము పోయిన దుఃఖముతో అతడే ప్రాణములు విడిచెనని కొందరు తలచిరి. ఫ్రీడ్రిక్ టోర్‌బెర్గ్ అను రచయిత ఈ రెండవ భావముతో ఒక పద్యమునే వ్రాసెను. హత్యగాని ఆత్మహత్యగాని ఐనచో అధికారగౌరవములతో అంత్యక్రియలు జరుగవని తలచి, ప్రమాదమని వ్రాయించితిమని చాల ఏండ్ల పిమ్మట ఒక మిత్రుడు చెప్పెను. కాని హత్యకు నిదర్శనమేదియు దొరకలేదు. మనకు ప్రియమైనవాడు చిన్న కారణముచేత చనిపోయెనని ఒప్పుకొనుట కష్టము. గొప్ప జీవితమునకు గొప్ప ముగింపు ఉండవలెనని మనస్సు కోరును. ఒక పూడిన పొగగొట్టముకంటె ఒక కుట్రయే దానికి తగినట్లు తోచును. మనస్సు కోరినంతమాత్రమున అది సత్యము కానేరదు.

అతని అంత్యక్రియలకు సుమారు పదునైదువేలమంది వచ్చిరని చెప్పుదురు. నాటి వియన్నాలో ప్రభుత్వపు ఆజ్ఞ లేక అంతమంది ఒకచోట చేరుట సామాన్యము కాదు. తమ దేశము పేరును బిగ్గరగా పలుకలేనివారు, ఆ పేరును జెర్సీమీద ధరించిన వాని శవపేటిక వెంట మౌనముగా నడచిరి. దేశము తరపున అతడు ఆడిన ఆటలు 43. చేసిన గోల్స 26. ఇరువదవ శతాబ్దపు ఆస్ట్రియా ఫుట్‌బాల్ ఆటగాండ్రలో అతడే ఉత్తముడని తరువాతి కాలమున ఎన్నుకొనిరి.

బాలబాలికలారా! ఆటస్థలమున మీలో బక్కపలుచనివాడు వెనుక నిలిచి, తనను ఎవరును జట్టులో చేర్చుకొనరని తలవంచుకొనియుండుట మీరు చూచియుందురు. ఈసారి వానిని పిలువుడు. గుడ్డబంతితో నేర్చి, తెగిన మోకాలితో ఆడి, త్రోసివేయుటకు బదులు తప్పించుకొనుటను ఒక కళగా మార్చిన సిండెలార్‌ను తలచుకొనుడు. అతని కథను ఇతరులకు చెప్పునపుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. అతడు ఆడిన ఆటయే చాలును. దానికి కల్పనలు చేర్చనక్కరలేదు, అతని తప్పును దాచనక్కరలేదు.

ప్రశ్నలు

1. సిండెలార్‌కు ‘కాగితపు మనిషి’ అను పేరు ఏల వచ్చెను?
2. మోకాలి గాయము అతని ఆటతీరును ఎట్లు మార్చెను?
3. ఇంగ్లండు సెంటర్ ఫార్వర్డు ఆటకును సిండెలార్ ఆటకును గల భేదమును వివరింపుడు.
4. 1938 ఏప్రిలు 3వ తేదీనాటి ఆటను గూర్చి నిశ్చయముగా తెలిసినదేది? కేవలము చెప్పుకొనుచున్నదేది?
5. కాఫీహోటలు సంగతిని రచయిత దాచక చెప్పుటకు కారణమేమి? అది ఉచితమని మీరు తలతురా?
6. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ఏల ప్రమాదకరము?